ఉమ్మడి కాలెండరులో ఫారము పలుకనప్పుడు



ఉగాదినాఁడు మన యూళ్లలోఁ బంచాంగశ్రవణము జరుగుట మీ రందఱు నెఱిఁగినదే. సిద్ధాంతి తన యింటఁ గూర్చుండి గణితము చేసి, తిథివారనక్షత్రయోగకరణములను నిర్ణయించి, పుస్తకము నచ్చువేయించును. ఊరివారు దానిని గొని గోడకు వ్రేలాడఁగట్టుకొందురు. గణితము చేసినవాఁ డొక్కఁడు. ఫలమును జూచుకొనువారు వేలకొలఁది. అందుఁ దప్పున్నచో నందఱయొద్దను నొకే తప్పుండును. ఒప్పున్నచో నందఱయొద్దను నొకే యొప్పుండును. ఒకే యచ్చుప్రతి రాజామునందు ఏకాదశి యనియు, సాలూరునందు ద్వాదశి యనియుఁ జెప్పదు.

ఇప్పుడు కార్యాలయములలో మఱియొక విధమైన పంచాంగము వ్యాప్తిలో నున్నది. దానిని ఉమ్మడి కాలెండరు అందురు. గుమాస్తాలును, అధికారులును తమతమ కంప్యూటర్ల యెదుటఁ గూర్చుండియే, ఏ దినమున నే గదిలో నెవరి విచారణ జరుగవలయునో దానియందు వ్రాయుదురు. ఒకరు వ్రాసినది తక్కినవారికిఁ గానవచ్చును. మైక్రోసాఫ్ట్ సంస్థవారి అవుట్‌లుక్ అను సాధనము పెక్కుచోట్ల నిందులకు వాడుకలో నున్నది. కొందఱు దానిలోని సామాన్యపు పుటతోఁ దృప్తిపడక, తమ పనికిఁ దగినట్లు గళ్లు గీసికొని స్వంత ఫారమును గల్పించుకొందురు. ఆ ఫారము వెనుకఁ గొన్ని యాజ్ఞలు వ్రాసియుంతురు. “మండలము పేరు వ్రాసినతోడనే శాఖ పేరు నీవే నింపుము” అనునది యొకటి. “ఇదే గదికి నిదే గంటకు వేఱొకటి యుండినచో దీనిని భద్రపఱుపనీయకుము” అనునది మఱియొకటి. ఇట్టి యాజ్ఞల సముదాయమునకే స్క్రిప్టు అని పేరు. అవుట్‌లుక్ ఫారములలో నిది విబిస్క్రిప్టు అను భాషలో వ్రాయఁబడును. 1997వ సంవత్సరపు అవుట్‌లుక్ మొదలుకొని యీ పద్ధతి యున్నది.

ముప్పదియైదేండ్లు వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. ఒక ముసలమ్మ కారణమున నా కీ పని పడినది.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలు 26 జిల్లాలైనవి. అంతవఱకు శ్రీకాకుళము జిల్లాలో నున్న రాజాము విజయనగరము జిల్లాలోఁ జేరినది. పాలకొండ, క్రొత్తగా నేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలోఁ జేరినది. నా పూర్వశిష్యుఁ డొకఁడు, ఈ మూఁడు పట్టణములయందును శాఖలున్న యొక కార్యాలయమున పెద్దగుమాస్తా. జిల్లాలు మాఱుటతో వారు శాఖల పంపకమును మార్చుకొని, ఫారములోని స్క్రిప్టును గూడ దిద్దుకొనిరి. పని ముగిసిన దనుకొనిరి.

ఆ యేఁటి వర్షాకాలమున, రాజాము చెంతనున్న పల్లెనుండి యొక ముసలమ్మ, గతించిన భర్తకు రావలసిన సొమ్మునుగూర్చి విచారణకు బయలుదేఱినది. ఆమెకు వచ్చిన జాబులో శ్రీకాకుళము శాఖ పేరుండెను. అచ్చటికిఁ బోఁగా, “మీది విజయనగరమమ్మా” అనిరి. మరల బస్సెక్కి విజయనగరము చేరునప్పటికి దీపములు పెట్టు వేళయైనది. ఆమె గంటకే, ఆ గదికే, మఱియొకరి విచారణకూడ వ్రాయఁబడియున్నదఁట! ఒకనాఁటి కూలి పోయినది. బస్సు చార్జీలు పోయినవి. విచారణ నెలదినములు వెనుకఁబడినది.

శిష్యుఁడు నా యొద్దకు వచ్చి, “మేష్టారూ, స్క్రిప్టు సరిగానే ఉందండీ. రాసినవాడి కంప్యూటర్లో నిక్షేపంలా నడుస్తోంది. మా గుమాస్తాలే ఏదో పొరపాటు చేస్తున్నారు” అనెను.

“నాయనా, నీవు చెప్పినది ప్రతిజ్ఞ. దానికి హేతు వేది?” అని యడిగితిని. ఆ ప్రశ్నతో నారంభమైన విచారమే నేఁటి నా ప్రసంగము.

మొదట గ్రహింపవలసిన విషయ మిది. పంచాంగమునందు గణిత మొకచోట జరుగును, ఫలము పదుగురకుఁ బంచఁబడును. ఫారమునం దట్లుకాదు. ఫారము మాత్రమే ఉమ్మడిది. గణితము ఎవరి యింట వారిది. గుమాస్తా ఫారమును దెఱచినప్పుడు దాని స్క్రిప్టు ఆ గుమాస్తా కంప్యూటరునందే, అచ్చటి కట్టుబాట్లకు లోఁబడి నడచును. పదుగురు గుమాస్తాలున్నచోఁ బదిచోట్ల పదిమాఱులు గణితము జరుగును. ఒకచోట దానికి అనుమతి లేకపోవచ్చును. ఒకచోటఁ బ్రాఁత సిద్ధాంతమే యింకను నిలిచియుండవచ్చును. కాఁబట్టి “వ్రాసినవాని కంప్యూటరులో నడచుచున్నది” అనుట, సిద్ధాంతి యింట లెక్క సరిపోయిన దనుటయే. ఊరిలోని మాట కాదు.

మఱియొక చిక్కున్నది. స్క్రిప్టు నడువకపోయినను ఫారము తెఱచుకొనును. గళ్లు యథాప్రకారము కానవచ్చును. గుమాస్తా వ్రాయును, భద్రపఱుచును. కావలివాఁడు లేని వాకిలియు, కావలివాఁడు నిద్రించుచున్న వాకిలియు, దారినపోవువానికి నొక్కతీరుగనే కనఁబడును. ఇందువలననే యీ దోషము నెలలకొలఁది తెలియకుండనే యుండును.

దోషమును వెదకుటకుఁ దార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములకంటె మంచి సాధనము లేదు. ఇది యున్నప్పుడది యున్నదా? ఇది లేనప్పుడది లేదా? నడచుచున్న కంప్యూటరు నొకదానిని, నడువని కంప్యూటరు నొకదానిని ప్రక్కప్రక్కలఁ బెట్టుకొని, రెంటియందును నొకే నమోదును దెఱచి చూడవలయును. భేద మొక్కటొక్కటిగాఁ దొలఁగింపవలయును. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవానికి రోగము కుదిరినను, ఏ మందువలనఁ గుదిరినదో తెలియదు. ఈ నియమముతో మే మాఱు ప్రశ్నలు వేసికొంటిమి. వానినే వరుసగాఁ జెప్పెదను.

మొదటి ప్రశ్న: తెఱచుకొన్నది అసలు మన ఫారమేనా? అవుట్‌లుక్‌లోఁ బ్రతి నమోదునకును మెసేజ్ క్లాస్ అను నొక గోత్రనామ ముండును. సామాన్యమైన కాలెండరు నమోదు గోత్రము ఐపీఎం.అపాయింట్‌మెంట్. స్వంత ఫారముతో వ్రాసినదానికి ఆ పేరు చివర మఱియొక చుక్కయు, మన ఫారము పేరును జేరును. కాలెండరును పట్టికరూపమునఁ బఱచుకొని, మెసేజ్ క్లాస్ వరుసను జేర్చికొన్నచో నన్నిటి గోత్రములు నొక్కచూపునఁ దెలియును. మా శిష్యుని కాలెండరులోఁ గొన్ని నమోదులు సామాన్యగోత్రముననే యుండెను. ఆ గుమాస్తాలు మన ఫారమును దెఱవనే లేదు. స్క్రిప్టు లేనిచోట స్క్రిప్టునందు దోషము వెదకుట వ్యర్థము గదా!

రెండవ ప్రశ్న: ఫారము ప్రకటింపఁబడినదా? ఫారమును గల్పించినవాఁడు దానిని ఫారముల భాండాగారములోఁ బ్రచురింపవలయును. అట్లుగాక, ఫారపు రూపమును నమోదులోనే యిమిడ్చి పంపినచో, ఆ నమోదు దనతోఁ దన గళ్లను మోసికొని తిరుగును గాని, దాని స్క్రిప్టు నడువదు. ప్రచురణలేని యాజ్ఞకు అవుట్‌లుక్ తల యొగ్గదు. మఱియు నా భాండాగారము ఒక్కని స్వంతమైనదైనచో, తక్కినవారి కా ఫారము దొరకదు. కార్యాలయ మంతటికిఁ జెందినదో, ఆ కాలెండరునకుఁ జెందినదో కావలయును.

మూఁడవ ప్రశ్న: స్క్రిప్టు నడచుట కనుమతి యున్నదా? ఇదియే యీ విషయమున ముఖ్యమైనది గాన, కొంచెము నిలిచి చెప్పెదను. తన స్వంత పెట్టెలో నడచెడు ఫారము ఉమ్మడి కాలెండరులో నడువకపోవుటకుఁ దఱచుగా నిదియే కారణము. అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్ అను మార్గమునఁ బోయి ఈమెయిల్ సెక్యూరిటీ యను పుటను జూచినచో, “అలో స్క్రిప్ట్ ఇన్ షేర్డ్ ఫోల్డర్స్” అను గడి యొకటి కానవచ్చును. ఉమ్మడి స్థలములలో స్క్రిప్టులను నడువనిమ్మని దాని యర్థము. స్వతస్సిద్ధముగా నది టిక్కులేకయే యుండును. ప్రతి కంప్యూటరునందును దానిని వేఱువేఱుగాఁ జూడవలయును.

ఇది చాలదు. 2017వ సంవత్సరము సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వెలువరించిన భద్రతా సవరణతో, స్వంత ఫారముల స్క్రిప్టు లన్నియుఁ బూర్తిగా నిలిపివేయఁబడినవి. అవి మరల నడువవలె నన్నచో విండోస్ రిజిస్ట్రీలో రెండు పనులు జరుగవలయును: సర్వసామాన్యమైన నిషేధమును దొలఁగించుట యొకటి, విశ్వసింపఁదగిన ఫారముల పట్టికలో మన ఫారముయొక్క గోత్రనామమును వ్రాయుట రెండవది. రెంటిలో నొకటి లోపించినను ఫారము మూఁగదే. ఆ పట్టికలో నొక్క యక్షరము తప్పినను అదే గతి. ఇది కార్యాలయపు కంప్యూటర్ల నిర్వాహకుఁడు చేయవలసిన పని. ఎవరికిఁ దోఁచినట్లు వారు చేయరాదు.

ఇంత నిర్బంధ మేల యని శిష్యుఁడు విసుగుకొనెను. నే నతనితో నంటిని: “ఉమ్మడి బావిలో నీరు త్రావువారు, ఆ బావిలో నెవ రేమి వేయుదురో యని భయపడుట తప్పా?” ఉమ్మడి స్థలమున నితరుఁ డొకఁడు పెట్టిన యాజ్ఞ, నీ కంప్యూటరులో, నీ పేర, నీ యధికారముతో నడచును. ఆ యితరుఁడు మంచివాఁడైనచో మేలు. దుష్టుఁడైనచో నీ జాబులు, నీ కాగితములు వాని వశము. దొంగలు ఫారముల మార్గమున స్క్రిప్టులను జొప్పింపవచ్చునని 2017లోనే భద్రతా పరిశోధకులు చేసి చూపిరి. కనుక నిషేధము దోషము కాదు, కావలి. అవసరమైన యొక్క ఫారమునకే తలుపు తీయవలయును గాని, చిక్కు తీఱినదిగదా యని వాకిళ్లన్నియుఁ దెఱచి నిద్రింపరాదు.

నాలుగవ ప్రశ్న: నడచుచున్నది క్రొత్త స్క్రిప్టా, ప్రాఁతదా? అవుట్‌లుక్ ప్రతిసారియు భాండాగారమునకుఁ బోక, ఫారము ప్రతి నొకదానిని కంప్యూటరునందే దాఁచుకొనును. ఈ దాఁపునకు క్యాష్ అని పేరు. అది చెడినను, పాతఁబడినను చిక్కే. ముసలమ్మ విషయమున జరిగిన దిదియే. ఆమె నమోదును వ్రాసిన గుమాస్తా కంప్యూటరులో, ఏప్రిలుకు ముందరి ఫార మింకను దాఁగియుండెను. రాజాము అని వ్రాయఁగానే యది తన ప్రాఁత ధర్మముచొప్పున శ్రీకాకుళమని నింపినది. స్క్రిప్టు నడువకపోవుట కాదు, చక్కఁగా నడచుటయే యక్కడ దోషమైనది! ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కస్టమ్ ఫారమ్స్, మేనేజ్ ఫారమ్స్ అను మార్గమునఁ బోయి, క్లియర్ క్యాష్ అనుదానిని నొక్కినచో దాఁపు తుడిచిపోవును. మరల తెఱచినప్పుడు క్రొత్త ప్రతి వచ్చును. ఫారమునకు సంస్కరణసంఖ్య వ్రాయు చోటొకటి గలదు. ఆ సంఖ్యను ఫారము ముఖముననే కనఁబడునట్లు వ్రాసినచో, “మీ ఫారము ఎన్నవది?” అని టెలిఫోనులోనే యడిగి తెలిసికొనవచ్చును.

ఇక్కడనే యింకొక హెచ్చరిక. ఫారమును దిద్దినంతమాత్రమున, పూర్వము భద్రపఱిచిన నమోదులలోని మాటలు తమంతఁ దాము మాఱవు. “శ్రీకాకుళము” అని నింపఁబడిన గడి, ఎవరో వచ్చి దిద్దువఱకు శ్రీకాకుళముగనే నిలుచును. శాసనము మాఱినను, ప్రాఁత పట్టాలోని యెల్లలు తామై చెఱిగిపోవు గదా!

అయిదవ ప్రశ్న: స్క్రిప్టు నడచుచున్నది, క్రొత్తదే; అయినను ఫలము తప్పు. అప్పుడు మాత్రమే స్క్రిప్టునందలి వ్రాఁతను బరీక్షింపవలయును. షిఫ్టు మీటను నొక్కిపట్టి నమోదును దెఱచినచో స్క్రిప్టు నడువదు. నొక్కక తెఱచినచో నడచును. ఇదియే వ్యతిరేకము, ఇదియే యన్వయము. రెండు తీరులను నొకే విధముగా నున్నచో దోషము స్క్రిప్టుది కాదు, లేదా స్క్రిప్టు నడచుటయే లేదు. స్క్రిప్టు మొదటఁ జిన్న మాట యొకటి తెరపైఁ జూపునట్లు వ్రాసికొన్నచో, అది వచ్చినదో లేదో స్పష్టముగాఁ దెలియును.

స్క్రిప్టు వ్రాయువారిలోఁ గొందఱకు నొక దురభ్యాసము గలదు. “ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్” అని మొదటనే వ్రాయుదురు. తప్పు జరిగినను నోరెత్తక ముందునకుఁ బొమ్మని దాని భావము. ఇది సాక్షి నోరు గట్టి న్యాయవిచారణ చేసినట్లుండును. దోషమును వెదకునంతసే పా పంక్తిని దీసివేయవలయును. అప్పుడు తప్పు తన చోటును దానే చెప్పును.

తేదీల విషయము మఱియు విచిత్రమైనది. గడిలో 04/05/2022 అని యక్షరములుగా వ్రాసినదానిని స్క్రిప్టు తేదీగా మార్చునప్పుడు, ఆ కంప్యూటరులోని దేశాచారమును బట్టి యర్థము చేసికొనును. మన దేశాచార మున్నచోట నది మే 4. అమెరికా యాచార మున్నచోట ఏప్రిల్ 5. ఒకే గదిలో ప్రక్కప్రక్కనున్న రెండు కంప్యూటర్లు ఒకే వ్రాఁతను రెండు దినములుగాఁ జదువవచ్చును. 04/04 వంటి దినమునఁ బరీక్షించినవానికి ఈ తప్పు కనఁబడనే కనఁబడదు! కాఁబట్టి తేదీని చేతితో వ్రాయనీయక, కాలెండరునుండి యెన్నుకొనునట్లు చేయుట మేలు. కాగితముపై నచ్చువేయునప్పుడు నెల పేరు నక్షరములలో వ్రాయుట మేలు.

ఆఱవ ప్రశ్న: నమోదు ఏ వాకిటినుండి వచ్చినది? సెల్‌ఫోనునుండియు, బ్రౌజరునుండియు, క్రొత్త అవుట్‌లుక్ అనుదానినుండియుఁ గూడ అదే కాలెండరులో వ్రాయవచ్చును. అచ్చట నీ స్వంత ఫారములు పలుకవు. ముందర వాకిట నెంత కావలి పెట్టినను, పెరటిదారి తెఱచియే యున్నది. పైఁగా విబిస్క్రిప్టునకు వార్ధక్యము వచ్చినది. దానిని క్రమముగాఁ దొలఁగింతుమని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులోఁ బ్రకటించినది. కావున నేఁ డీ ఫారమును బాగుచేయువారు, పోఁబోవు కాలమున కేమి చేయవలయునో యిప్పుడే యాలోచింపవలయును.

ఈ యాఱు ప్రశ్నల ఫలితముగా మూఁడు మాటలు తేలినవి.

ఒకటి: తప్పినచో మనుష్యునకు నష్టము గలిగించు నియమమును ఒక్కొక్కరి కంప్యూటరులోని స్క్రిప్టునకు విడువరాదు. ఒక గది కొక గంటలో రెండు పనులు కుదురవను నియమము అట్టిది. గదికి వేఱుగ నొక ఖాతా నేర్పఱిచి, ఎదురుపడిన కోరికలను సర్వరే నిరాకరించునట్లు చేయు నేర్పాటు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజిలోఁ గలదు. అప్పుడు గణిత మొకచోట జరుగును. మరల నది సిద్ధాంతి పంచాంగ మగును. ఏ వాకిటినుండి వచ్చినను కావలివాఁ డొక్కఁడే.

రెండు: స్క్రిప్టు నడువనప్పు డా సంగతి కంటికిఁ గనఁబడవలయును. ఫారములో నొక గడి నుంచి, దానియందు ముందుగనే “పరిశీలింపఁబడలేదు” అని వ్రాసిపెట్టవలయును. స్క్రిప్టు నడచినప్పుడు మాత్రమే యది “పరిశీలింపఁబడినది” అని మాఱవలయును. స్క్రిప్టు మూఁగవోయినచో మొదటి మాటయే నిలుచును. ఆ మాట యున్న నమోదునకు జాబు పంపరాదు. మౌనము నంగీకారముగాఁ దీసికొనుటయే యీ దోషమున కంతటికి మూలము గాన, మౌనమునే హెచ్చరికగా మార్చుట దీనికిఁ దగిన చికిత్స.

మూఁడు: దిద్దుటకు ముందు వెదకవలయును. శిష్యుఁడు వెంటనే ఫారమును బాగుచేయఁబోవుచుండఁగా నేను వారించితిని. “ముందు ఏప్రిలు నాలుగవ తేదీ తరువాతి నమోదు లన్నియుఁ దీయుము. రాజాము, పాలకొండ పేరులున్న వానిని జూడుము” అంటిని. చూడఁగా మఱి ముగ్గురకు అట్టి తప్పు జాబులే పోయియుండెను. వారి దినములింకను రాలేదు. ఆ రాత్రియే టెలిఫోనుమీఁద వారికి సరియైన చోటు చెప్పించితిమి. ఒకరికి టెలిఫోను లేదు. ఆ యూరి తపాలా బంట్రోతుద్వారా కబురంపితిమి. ఫారము మఱునాఁడు బాగుపడినది.

ముసలమ్మకు మరల జాబు వ్రాసినప్పుడు శాఖ పేరును, తేదీని, నెలను నక్షరములలో వ్రాయించి, శిష్యుఁడు స్వయముగాఁ జదివి సంతకము చేసెను. ఆమె విజయనగరము వచ్చినది, పని యైనది. పోవునప్పు డామె, “బాబూ, మొన్న తప్పు రాసిందెవరు?” అని యడిగినదఁట. శిష్యుఁ డొక క్షణము తటపటాయించి, “మేమేనమ్మా” అని బదులు చెప్పెనఁట.

ఆ మాట విని నేను సంతోషించితిని. కంప్యూటరు తప్పు చేసినదని చెప్పుట సులభము. స్క్రిప్టు నడచుటకు అనుమతి యిచ్చినవారును మనుష్యులే, ఈయనివారును మనుష్యులే, నడచుచున్నదో లేదో చూడక జాబుపై ముద్ర వేసినవారును మనుష్యులే. ఉమ్మడి పంచాంగమును వ్రాయు పదుగురును, తమలోఁ బ్రతియొక్కఁడు నొక సిద్ధాంతియే యని తలంచుకొన్నచో, బస్సు దిగి వచ్చిన యే ముసలమ్మయు వాకిటినుండి మరలిపోవలసిన పని యుండదు.